గిడ్డంగిలోని పాతగుడ్డల మూటలను వాడుకొను విధము

మన సంఘముల గిడ్డంగులలోను, సభ్యుల యిండ్ల అటకలమీదను గుడ్డల మూటలు పేరుకొని యుండుట మేము ఈ నడుమ అరకులోయ గ్రామములు తిరుగునపుడు తరచుగా చూచుచున్నాము. పట్టణములనుండి దాతలు పంపిన చీరలు, చొక్కాలు కొన్ని. కుట్టుపని తరగతులు ముగిసిన పిదప మిగిలిపోయిన తానుముక్కలు కొన్ని. సంతలోని దర్జీల బల్లలక్రింద ఊడ్చి గోనెలకెత్తిన కత్తిరింపులు మరికొన్ని. ఇవియన్నియు "ఎప్పటికైనను పనికివచ్చును" అని దాచినవే. ఎప్పుడు, ఎవరికి, దేనికి అని యడిగినచో మాత్రము బదులు చెప్పువారు లేరు. ఇట్టి మూటలవలన కలుగు నష్టమును, వానిని ఖర్చుపెట్టు మార్గములను ఈ వ్యాసమున వివరింపదలచితిమి. వ్యవసాయ పత్రికలో కుట్టుపని గొడవ యేల యని రైతు సోదరులు కొందరు నవ్వవచ్చును. తుదివరకు చదివి నవ్వుడని వారికి మా మనవి.

ముందుగా మా తప్పు నొకదానిని ఒప్పుకొనవలసియున్నది. 2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమువద్ద తీరము దాటి, మన కొండలమీది కాఫీతోటలలో నీడనిచ్చు సిల్వరు ఓకు చెట్లను కూలద్రోసిన సంగతి చదువరులు మరచియుండరు. ఆ తరువాతి నెలలలో మైదానపు పట్టణములనుండి బట్టల మూటలు వచ్చినవి. మే మెరిగిన యొక గ్రామసంఘమునకు 17 గోనెలు చేరినవి. కట్టుకొనదగినవి పంచుకొనగా 11 గోనెలు మిగిలినవి. వానిని సంఘపు గదిలో గోడవారగా పేర్చిరి. ఎలుకలు, బట్టపురుగులు చేరుచున్నవని సంఘాధ్యక్షుడు చెప్పగా, కలరా ఉండలు వేయుడని సలహా యిచ్చినవారము మేమే. ఆయన మా మాటమీది గౌరవముతో గోనెకు గుప్పెడు చొప్పున వేయించెను.

కాఫీకోత ముగిసినపిదప ఆ గదిలోనే పార్చిమెంటు కాఫీమూటలు వేసిరి. కాఫీగింజ చుట్టుప్రక్కల నున్న వాసనను పీల్చుకొనును. కిరసనాయిలు గాని, మిరపకాయలు గాని, ఎరువులు గాని ప్రక్కన నుంచరాదని మేము పది యూళ్లలో ఉపన్యసించితిమి. కలరా ఉండల మాట మాత్రము మాకే తోచలేదు. కొనవచ్చినవాడు గింజలను వేయించి, పొడి చేసి, వేడినీళ్లు పోసి, ఒక చెంచాడు నోట పోసికొని, పెదవి విరిచి గిన్నెను ప్రక్కకు నెట్టెను. ఆ యేట ఆ సంఘపు సభ్యులకు ముట్టిన ధర పొరుగూరివారికి ముట్టినదానికంటె తక్కువ. ఒక రైతు మాతో నేమియు ననలేదు. ఖాళీసంచి దులిపి భుజముమీద వేసికొని వెడలిపోయెను. ఆయన తిట్టియున్నచో మాకు కొంత తేలికగా నుండెడిది.

కావున మొదటిమాట. గుడ్డలమూటలను కాఫీ, మిరియము, పసుపు నుంచు గదిలో నుంచరాదు. వాసన లేకున్నను ప్రమాదమే. పార్చిమెంటు కాఫీని తేమ నూటికి 10 వంతులకు మించకుండ ఎండబెట్టుటకు మనము రోజులకొలది కష్టపడుదుము. గుడ్డలు వర్షకాలపు చెమ్మను పీల్చి మూటగట్టినట్లు దాచి, గది గాలిని తడిగా నుంచును. ఎండిన గింజ ఆ చెమ్మను మరల పీల్చుకొని తెల్లబారి బూజుపట్టును. వేరు గది లేని సంఘములు గుడ్డలను పుచ్చుకొనకుండుటయే మేలు. దానమును వద్దనుట మర్యాద కాదని పెద్దలు సంశయింతురు. మాకు పనికివచ్చునవి ఇవి, పనికిరానివి ఇవి అని దాతకు ముందుగా వ్రాయుట మర్యాదయే.

ఇక వచ్చియున్న గుడ్డల సంగతి. మన కొండలలో గుడ్డ యెన్నడును ఊరక వచ్చినది కాదు. గదబ స్త్రీలు పూర్వము కెరంగు అను చెట్టునారను తీసి, ప్రత్తినూలుతో కలిపి, ఎరుపు నీలి తెలుపు చారల చీరను తామే నేసికొనెడివారు. ఇప్పుడు గోనెలకెత్తి తెచ్చిన గుడ్డలో మన శ్రమ లేదు గాన ఇంత లోకువైనది. అయినను ఈ గుడ్డలోనే మన చలికి మందు ఉన్నది. పుష్యమాసములో లంబసింగి, అరకు, పాడేరు ప్రాంతములలో రాత్రివేళ శీతము పది డిగ్రీలకు దిగువకు పోవుట అరుదు కాదు. అట్టి రాత్రులలో గ్రామములో కప్పుకొనుటకు చాలినంత లేని యిండ్లు ఎన్ని యని మేము ఆ సంఘపు స్త్రీలను అడిగితిమి. వారు తలుపు తలుపునకు వ్రేళ్లు మడచుచు చెప్పిన లెక్క విని, ప్రక్కగదిలో 11 గోనెల గుడ్డ ఎలుకల పాలగుచుండుట తలచి సిగ్గుపడితిమి.

మొదటి పని వేరుచేయుట. గోనెలను ఒక ఎండదినమున వాకిట క్రుమ్మరించి నాలుగు కుప్పలు చేయవలెను. కట్టుకొనదగిన బట్టలు ఒకటి, నూలుగుడ్డలు రెండు, పాలియెస్టరు, నైలాను మొదలగు కృత్రిమపు గుడ్డలు మూడు, దేనికిని పనికిరాని పీలికలు నాలుగు. కట్టుకొనదగినవానిని ఎవరును ఏరుకొనరాదు. చీటీలు వేసి పంచవలెను. ఈ యొక్క నియమము తప్పినందువలన ఒక యూరిలో పొదుపుసంఘము రెండుగా చీలుట మేము చూచితిమి. అక్కడ చెడినది గుడ్డవలన కాదు, అధ్యక్షురాలి చుట్టములు ముందు వచ్చుటవలన.

గుడ్డలో పస ఉన్నదో లేదో చూచుటకు ఆ గ్రామములోని యొక ముసలమ్మ మాకు మంచి ఉపాయము చెప్పినది. "బాబూ, కంటితో సూత్తే తెలీదు, ఒకపాలి సెవికాడ ఎట్టుకుని లాగి సూడు" అని, గుడ్డను రెండు బొటనవ్రేళ్లనడుమ పట్టి చెవిచెంత గుంజి చూపినది. పసగల నూలు టక్కున మ్రోగును. చివికిన నూలు ధ్వని లేక చిరుగును. నలువది ఏండ్లు దాటిన మా చెవికి ఆ భేదము తెలియుటకు ఇరువది గుడ్డలు పట్టినవి. చీర నడుమభాగము చివికినను అంచు గట్టిగా నుండుట సామాన్యము. అట్టి చీరల అంచులను కత్తిరించి వేరుగా చుట్టి యుంచవలెను. వాని పని ముందు చెప్పుదుము.

నూలేదో కృత్రిమమేదో చూపునకు తెలియనిచో ఒక పోగు లాగి నిప్పు చూపవలెను. నూలుపోగు కాగితమువలె మండి, కాగితపు వాసన వేసి, మెత్తని బూడిద యగును. పాలియెస్టరు ముడుచుకొని, కరగి, చివర నల్లని గట్టి పూసయై నిలుచును. ఉన్నియు పట్టును వెండ్రుకలు కాలిన వాసన వేయును. బూడిదయు పూసయు రెండును కనబడినచో అది మిశ్రమపు గుడ్డ. దానిని కృత్రిమపు కుప్పలోనే వేయవలెను.

ఈ పరీక్ష వేడుకకు కాదు. మన యిండ్లలో చలికాలమున పొయ్యికి కాళ్లు చాచి పండుకొనుట అలవాటు. పాలియెస్టరుచీరల బొంత నున్నగా, రంగురంగులుగా, కొత్తదివలె కనబడును. చూచినవారు దానినే కోరుదురు. నిప్పురవ్వ పడినపుడు అది కరగి చర్మమున కంటుకొనును. ఊడదీయబోయిన చర్మముతో కూడ వచ్చును. నూలుబొంతకు నిప్పంటదని మేము చెప్పుటలేదు. అదియు మండును, గాని కరగి యంటుకొనదు, విసరివేయుటకు వ్యవధి చిక్కును. ఏ బొంతకైనను పొయ్యికిని నడుమ నిలువెత్తు దూర ముండవలెను. కప్పుకొను బొంత నూలుదే కావలెను. ఈ విషయములో స్త్రీలు మాతో వాదించినను మేము వెనుకకు తగ్గలేదు.

ఏరిన నూలుగుడ్డలను ఉతుకక కుట్టరాదు. ఎవరు కట్టి విడిచినవో తెలియదు. గజ్జి, పేలు గుడ్డలవెంట వచ్చును. గుండీలు, కొక్కెములు, పిన్నులు తీసివేసి, పెద్ద డేగిసాలో మరుగునీళ్లలో వేసి కొంతసేపు ఉడుకనిచ్చి, మన కొండల కుంకుడుకాయల నురుగుతో ఉతికి, రెండు మంచి ఎండలలో ఆరవేయవలెను. రంగుగుడ్డలను ముందుగా మూల తడిపి తెల్లగుడ్డపై రుద్ది చూడవలెను. రంగు దిగు గుడ్డలను విడిగా ఉడికించనిచో కుప్ప యంతయు ఒకే మురికిరంగు దేలును. ఇది మా అనుభవము. ఒక ఎర్రలంగా మా ఆరు తెల్లపంచెలను కాషాయము చేసినది.

బొంతకు లెక్క సులభమైనది. చీర పొడవు ఆరు గజములు, అనగా 18 అడుగులు. వెడల్పు సుమారు 45 అంగుళములు. దానిని పొడవున మూడుగా మడచినచో 6 అడుగుల పొడవు, 45 అంగుళముల వెడల్పు గల మూడుపొరలు వచ్చును. రెండుచీరలను అట్లు మడచి ఒకదానిపై నొకటి పరచినచో ఆరు పొరలు. ఒక మనిషికి ఇది చాలిన బొంత. తల్లియు బిడ్డయు కప్పుకొనుటకు నాలుగు చీరలు కావలెను. చీరల చివికిన భాగము లోపలిపొరలలోనికి పోవునట్లు మడతలు త్రిప్పుకొనవలెను.

ఆరు పొరలకు మించనీయకుడు. వెచ్చదన మిచ్చునది గుడ్డ కాదు, పొరలనడుమ చిక్కిన కదలని గాలి. అందుచేతనే ఒక మందపు గుడ్డకంటె అంతే బరువుగల పలుచని పొరలు ఎక్కువ వెచ్చగా నుండును. అట్లని పది పన్నెండు పొరలు వేసినచో బొంత తడిసినపుడు ఇద్దరు కలిసి యెత్తవలసివచ్చును. మన శ్రావణపు ముసురులో అది ఆరనే ఆరదు. ఆరని బొంత చలిని ఆపదు, పైగా రోగమును తెచ్చును. అంత చలియైనచో ఆరుపొరల బొంతలు రెండు కప్పుకొనుడు. ఉతుకునప్పుడు అవి రెండు చిన్నబొంతలు.

పొరలను చాపమీద ముడుతలు లేకుండ పరచి, నాలుగుమూలల రాళ్లుంచి, మొదట జానెడు ఎడముగల పెద్దటాకాలు వేయవలెను. టాకాలు నడుమనుండి అంచులవైపు పోవలెను. అంచునుండి మొదలిడినచో గుడ్డ నడుమకు జరిగి అచ్చట బుడగ లేచును. అది తుదివరకు పోదు. తరువాత రెండువ్రేళ్ల ఎడముగా, పొడవునకు సాదాకుట్టు వరుసలు కుట్టవలెను. 45 అంగుళముల వెడల్పునకు సుమారు 30 వరుసలు పడును. ఒక్కొక్క వరుస 6 అడుగులు గాన మొత్తము 60 గజముల కుట్టు. కుట్టు గుడ్డలోనికి దిగి పైకివచ్చును గాన దారము 75 గజములకు తక్కువ తెచ్చుకొనరాదు. వరుసలు ఇంతకంటె దగ్గరగా వేసినచో బొంత గట్టిపడి పలుచనై, లోపలిగాలి పోవును. దూరమైనచో ఉతికినపుడు పొరలు జారి ముద్దకట్టును.

సూది పొడవుగా సన్నముగా నుండవలెను. దబ్బనము వద్దు, దబ్బనముచేసిన రంధ్రము పాతగుడ్డలో మూసుకొనదు, అక్కడినుండియే చిరుగును. దారము నూలుదే మంచిది. కృత్రిమపు దారము తాను తెగదు గాని చివికిన నూలును కోయును. వంగదేశపు స్త్రీలు కాంథా అను బొంతలకు పాతచీరల అంచులనుండి రంగుపోగులను లాగి దారముగా వాడెడివారు. ఒకరిద్దరు ఓపికగల పెద్దమ్మలు ఆ పని చేయవచ్చును. అందరిచేత చేయించుటకు మేము సాహసింపము. ముడులను పొరల లోపలికి దాచవలెను. మా మిషను పాఠశాలలో కుట్టుపని నేర్పిన ఉపాధ్యాయిని పైకి కనబడిన ముడికొక గజముబద్ద దెబ్బ వేసెడిది. మగపిల్లలకు కుట్టుపని యేల యని అప్పుడు మేము లోలోపల గొణిగితిమి గాని, ఇప్పుడా గజముబద్దయే మాకు ఈ వ్యాసము వ్రాయించుచున్నది.

అంచు కట్టుటకు వేరుగా నుంచిన చీరయంచులు పనికివచ్చును. బొంత చుట్టుకొలత ఆరున్నర గజములు. చీరయంచు ఆరు గజములే గాన అరగజము అతుకవలసియుండును. మూడంగుళముల పట్టీని సగముగా మడచి అంచును కప్పి రెండువైపుల పట్టునట్లు కుట్టినచో బొంత ఆయుస్సు రెట్టింపగును. బొంత ఎప్పుడును అంచునుండియే నశించును.

దర్జీకత్తిరింపులు, తానుముక్కలు ఎక్కువగా నున్నచోట పైపొరను ముక్కలతో కూర్చవచ్చును. అట్టచెక్కతో 10 అంగుళముల చతురస్రపు కొలత కోసికొని ముక్కలను దానికి సరిగా కత్తిరింపవలెను. నలువైపుల అరంగుళము కుట్టులోనికి పోగా ఒక్కొక్కటి 9 అంగుళములు నిలుచును. పొడవునకు ఎనిమిది, వెడల్పునకు అయిదు, మొత్తము 40 ముక్కలతో 72 అంగుళములు, 45 అంగుళముల పైపొర సరిగా వచ్చును. ముక్కలు కలుపుటకు కుట్టుమిషను ఉన్నచో పని త్వరగా సాగును. పొరలను కలిపి కుట్టుట మాత్రము చేతిపనియే. కొత్తముక్క ప్రక్కన చివికినముక్క వేయరాదు. బలమైనది బలహీనమైనదానిని లాగి చించును. రంగుల పొందిక విషయము స్త్రీలకు విడుచుట మేలని మాకు రెండవబొంతకే తెలిసినది. మేము గీచియిచ్చిన పటమును వారు పొయ్యి రాజవేయుటకు వాడుకొనిరి.

మూడవకుప్ప యగు కృత్రిమపు గుడ్డల సంగతి రైతులు శ్రద్ధగా చదువవలెను. కాఫీకాయ తొలుచు పురుగు భారతదేశమున మొదట 1990వ సంవత్సరములో నీలగిరి ప్రాంతపు గూడలూరువద్ద కనబడి, తరువాత దక్షిణపు తోటలలో వ్యాపించినది. 2025వ సంవత్సరమున మన అరకుప్రాంతపు తోటలలోను అది బయటపడినది. ఆవగింజకంటె చిన్నదైన ఆ నల్లపురుగు కాయ కొనభాగమున సూదిబెజ్జము చేసి లోపల కాపురముండును. కోతలో నేల రాలి ఆకులలో దాగిన పండ్లే దానికి మరుసటి పంటవరకు ఆశ్రయము. రాలినవానిని ఒక్కటైనను విడువక ఏరవలెను. ఏరుట కష్టము, రాలకుండ పట్టుట సులభము. చెట్టుక్రింద పట్ట పరచి కోయవలెనని కాఫీ శాస్త్రజ్ఞులు చెప్పుటకు కారణ మిదియే.

ఆ పట్టను పాలియెస్టరుచీరతో ఖర్చులేక చేసికొనవచ్చును. ఒక చీరను నడుమకు కత్తిరించినచో 9 అడుగుల ముక్కలు రెండు వచ్చును. వానిని ప్రక్కప్రక్కన నుంచి పొడవువెంట సగమువరకు మాత్రమే కలిపి కుట్టి, తక్కిన సగమును విడిచిపెట్టవలెను. 9 అడుగులు, ఏడున్నర అడుగుల పట్ట యగును. విడిచిన చీలికలోనికి కాఫీమొక్క కాండము దూరి పట్టనడుమకు వచ్చును; చీలిక అంచులను ఒకదానిపై నొకటి వేసి రాయి యుంచినచో పండు నేల చేరదు. కుట్టు ముగిసినచోట రెండుమూడు మారులు త్రిప్పి కుట్టనిచో లాగినపుడు అక్కడనే చిరుగును. ఇట్టి గుడ్డ తేలికైనది, మంచుకు నానదు, త్వరగా చివుకదు. బొంతకు కీడుచేసిన గుణములే ఇచ్చట మేలైనవి. పల్లపుతోటలలో వర్షము పడినచో చిన్నచిన్న బెజ్జములు పొడిచికొనవలెను.

పట్టలు పొరుగుతోటకు ఎరువిచ్చునపుడు మాత్రము జాగ్రత్త. మడతలలో నొక పుచ్చుపండు పోయినను పురుగు వెంట పోవును. ఒక తోట ముగిసిన వెంటనే పట్టను దులిపి, రాలినవానిని మరుగునీళ్లలో ఒకటి రెండు నిమిషములు ముంచి యారబెట్టవలెను. పట్టను గట్టియెండలో తిరుగవేయవలెను. గోనెసంచులకును ఇదే విధి. పురుగుపట్టిన యూరి సంచిని సంతద్వారా మరియొక యూరికి మార్చుట ఆ యూరికి కీడు పంపుటయే. కృత్రిమపు గుడ్డలతో నడుమునకు కట్టుకొను కోతసంచులు కూడ కుట్టవచ్చును. రంగుగుడ్డలమీద కాఫీ ఆరబోయుట మాత్రము మేము అంగీకరింపము.

నూలుగుడ్డ రైతుకు చేయు ఉపకారములలో మాకు మిక్కిలి ప్రియమైనది విత్తనపరీక్ష. బొంతకు చాలని పాతపంచె ముక్క, రెండడుగులది, సబ్బువాసన పోవునట్లు జాడించి, తడిపి, పిండి, నేలమీద పరచవలెను. విత్తనపు రాశిలో పైనుండి, నడుమనుండి, అడుగునుండి కలిపి 100 గింజలు తీసి, పదేసి చొప్పున పది వరుసలు పేర్చవలెను. గుడ్డను వదులుగా చాపవలె చుట్టి, రెండుచోట్ల పీలికతో కట్టి, ఇంటిలో నీడపట్టున కుండలో నిలువుగా నుంచి దినదినము తడి చూచుచుండవలెను. నీళ్లు కారునంత తడి పనికిరాదు, గింజ కుళ్లును. చోళ్లకు ఎనిమిదవనాడు, రాజ్మాకు తొమ్మిదవనాడు, వరికి పదునాలుగవనాడు తుదిలెక్క చూడవలెను. వేరును మొలకయు రెండును చక్కగా నున్నవానినే లెక్కింపవలెను. వరిలో 80కి, చోళ్లలోను రాజ్మాలోను 75కు తగ్గినది మంచి విత్తనము కాదు. రాజ్మాలో సగము మొలవని విత్తనమును చల్లి, వానదేవుని నిందించిన రైతులను మేమెరుగుదుము. చేరెడు గుడ్డముక్కయు తొమ్మిది దినములును వారిని కాపాడియుండెడివి.

తక్కిన ఉపయోగములను క్లుప్తముగా చెప్పెదము. మిరియపుతీగను సిల్వరు ఓకు మ్రానుకు కట్టుటకు రెండువ్రేళ్ల వెడల్పు నూలుపీలిక శ్రేష్ఠము. తీగ వేళ్లు పట్టుకొనునప్పటికి అది తానే చివికి రాలును. నైలానుపీలిక చివుకక, లావెక్కు తీగను ఉరిబోసినట్లు కోయును. కషాయములను, జీవామృతమును చిమ్ముటకు ముందు రెండుపొరల నూలుగుడ్డలో వడగట్టినచో చిమ్మనగ్రోవి మూతి పూడదు. పీలికలను పేని తాడు చేసినచో దూడలమెడకు ఒరపిడి కలుగదు. జడవలె అల్లి, చుట్టలుగా కుట్టినవి గుమ్మములో కాళ్లు తుడుచుకొనుటకు చాలును. అచ్చమైన నూలుపొట్టును పెంటకుప్పలో వేయవచ్చును. కృత్రిమపు పీలికలు మట్టిలో చివుకవు, పొయ్యిలో వేసినచో చెడుపొగ వచ్చును. వానికి మేము చెప్పగల ఉపాయము, అవి ఊరిలోనికి రాకుండ చూచుటయే.

లెక్కల విషయము. దానముగా వచ్చిన గుడ్డకు ధర లేదు గాన లెక్క అవసరము లేదని కార్యదర్శులు తలతురు. ధర లేకున్నను తూనిక కలదు. గోనెలు విప్పిననాడు తూచి నిల్వపుస్తకమున వ్రాయవలెను. కుట్టువారికి గుడ్డను తూచి యిచ్చి, బొంతను పీలికలను తూచి పుచ్చుకొనవలెను. మే మెరిగిన సంఘములో ఇద్దరు స్త్రీలు కూర్చున్నచో ఒక బొంతకు నాలుగు మధ్యాహ్నములు పట్టినవి. ఆ శ్రమకు కూలి వ్రాయక, "మనవారే గదా" యని ఊరకుండినచో మూడవబొంతకు ఎవరును రారు. కూలిని రొక్కముగా నీయలేనిచో ఆమె పొదుపులెక్కలో జమవేయవలెను. మొదటిబొంతలు బాలింతలున్న యిండ్లకును, ఒంటరి ముసలివారికిని పోవలెను. పసిబిడ్డకు బొంత కప్పునపుడు మొగముమీదికి రానీయవద్దని ఇచ్చునప్పుడే చెప్పవలెను. ఊరి యవసరము తీరినపిదప మిగిలినవానిని యాత్రికులకు అమ్మవచ్చును. దానపుగుడ్డతో చేసినవైనచో దాతకు ముందు తెలుపవలెను. అమ్మకముమీద గొప్ప ఆశలు పెట్టుకొని దారమునకు అప్పుచేయుట మాత్రము మాకు సమ్మతము కాదు.

ఈ పనిని సహకారపద్ధతిని నడపినవారు లోకములో లేకపోలేదు. అమెరికాదేశపు అలబామా రాష్ట్రములో, విల్‌కాక్సు జిల్లాయందలి నల్లజాతి స్త్రీలు 1966వ సంవత్సరమున ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అను బొంతల సహకారసంఘమును స్థాపించిరి. వారు ప్రత్తిచేలలో పనిచేసిన కౌలురైతుల కుటుంబములవారు. ఓటర్లుగా పేరు వ్రాయించుకొన్నందులకు కొందరిని భూస్వాములు ఇండ్లనుండి వెడలగొట్టిరి. ఆ సంఘము 23 ఎకరముల నేల కొని, కుట్టుశాల కట్టి, కొంతనేలను అట్టి నిర్వాసితులకే అమ్మినది. 1972లో సియర్సు కంపెనీవారికి కార్డురాయి అను గీతలమందపు గుడ్డతో దిండుతొడుగులు కుట్టు పని దొరికినది. తొడుగులు కత్తిరింపగా మిగిలిన ముక్కలను ఆ స్త్రీలు ఇండ్లకు తీసికొనిపోయి, తమకు తోచిన పొందికతో బొంతలు కుట్టుకొనిరి. చేరువనున్న జీస్ బెండ్ గ్రామపు బొంతలు 2002లో గొప్ప చిత్రశాలలలో గోడలకెక్కినవి. 2006లో ఆ దేశపు తపాలాబిళ్లలమీద అచ్చయినవి. సంఘము 2012లో మూతపడినది. గోడకెక్కిన బొంతలు కంపెనీ కొలతకు కుట్టినవి కావు, ఇంట కప్పుకొనుటకు కుట్టినవి.

మా సంగతికి వచ్చెదము. ఆ పదునొకండు గోనెలలో తొమ్మిది ఖర్చయినవి. పదియవది కృత్రిమపుగుడ్డలది, ఈ కోతకు పట్టలు కుట్టుటకు విప్పుచున్నారు. కడపటిది విప్పిచూడగా అంతయు పట్టణపు పెండ్లికోట్లు, మెడకు కట్టు టైలు. వానికేమి చేయవలెనో ఇంకను తేలలేదు. పిల్లలు టైలతో మేకలను కట్టుచున్నారు. కాఫీకోత మాఘమాసమునకు ముగియును. ఆనాటినుండి తొలివానవరకు ఎండలు మంచివి, స్త్రీలకు కొంత తీరిక. బొంతలపని మొదలిడు సంఘములు మొదటిసంతకే సన్నసూదులు రెండు పొట్లములు, నూలుదారపు ఉండలు బొంతకు 75 గజముల లెక్కను, మంచి కత్తెర యొకటి కొనియుంచవలెను. కత్తెరను ఇంటిపనులకు ఎరువీయకుడు. రాజ్మా తీగలు కోసిన కత్తెరతో గుడ్డ తెగదు.